కుప్పమ్మవ్వ పాలు ఎర్రబడ్డాయి

మదనపల్లె టమాటాలకు అంత పులుపు ఎక్కడి నుంచి వచ్చిందో వ్యవసాయ ఆఫీసరుకు తెలియదు. మార్కెట్టు యార్డులో వేలం పాడేవాళ్లకూ తెలియదు. మాకు తెలుసు. మా కుప్పమ్మవ్వ కొత్త కోడలిగా వస్తున్న రోజు ఆ తోటల పక్కన బస్సు ఆగిపోయింది. అవ్వ కిందికి దిగి బస్సును, డ్రైవరును, డ్రైవరును కన్నవాళ్లను వరసబెట్టి తిట్టింది. గాలి తోటల వైపు వీస్తోంది. అంతకు ముందు ఆ కాయలు చెరుకు గడల్లాగా తియ్యగా ఉండేవట. నమ్మకపోతే పుంగనూరులో అడగండి, కుప్పంలో అడగండి. మా అవ్వ కోపం ముందు నిమ్మకాయ బెల్లం పాకం. ఆమె కన్నెర్రజేస్తే పాలు విరగడానికి కూడా జంకుతాయి.

అలాంటి అవ్వ పాలు మొన్న ఎండాకాలంలో నలుగురి ముందు ఎర్రబడ్డాయి.

అవ్వ పుట్టింది కుప్పం పక్కన, తమిళనాడు గుట్టలకు ఆనుకున్న ఒక పల్లెలో. పుట్టింటివాళ్లవి గొర్రెలు. నడక రాకముందే మంద వెనక పోయేదాన్నని చెబుతుంది. నడక రాకుండా ఎలా పోయావు అని అడిగిన వాళ్లకు ఆ పూట సంగటి ఉండదు. పెళ్లయి చౌడేపల్లె మండలంలోని ఈ ఊరికి వచ్చింది. తాత పేరు లింగప్ప. ఎంత తిట్టినా తిరిగి మాట అనని మనిషి. అది మంచితనమో, చెవుడో అవ్వకు ఇంకా తేలలేదు.

వచ్చిన కొత్తలోనే అవ్వకూ అత్తకూ పాల దగ్గర పడింది. అప్పట్లో ఈ ఇంటి పాలు చౌడేపల్లెలో ఒక హోటలుకు పోయేవి. అత్త రోజూ ఒక చెంబెడు నీళ్లు కలిపేది. మోసం చేయాలని కాదు, అలవాటు కొద్దీ. కొత్త కోడలు ఒక పొద్దున అది చూసింది. ఏమీ అనలేదు. బిందె ఎత్తి పాలన్నీ వాకిట్లో కుమ్మరించి, ఖాళీ బిందె అత్త ముందు పెట్టింది.

"నీళ్లే అమ్ముకుందాం అత్తా. పాలెందుకు, ఆవుకు శ్రమ."

ఆ తర్వాత ఆ ఇంట్లో పాల బిందె పక్కన నీళ్ల చెంబు కనిపించలేదు. అత్త చచ్చిపోయేదాకా ఆ మాట ఊరంతా చెప్పుకుంది, తిడుతూనే. గొర్రెలు పోయి, బీళ్లు మామిడి తోటలై, ఇంట్లోకి సంకర జాతి ఆవులు వచ్చినా అవ్వ ఆ ఒక్క పేరును మాత్రం పోగొట్టుకోలేదు. కుప్పమ్మ పాలంటే పాలే. ఊర్లో బిడ్డ పుడితే, తల్లికి పాలు పడకపోతే, చెంబు పట్టుకుని మొదట అవ్వ వాకిట్లోకే వచ్చేవాళ్లు.

మొన్నటి ఎండాకాలానికి కొట్టంలో రెండు ఆవులు ఉన్నాయి. ఒకటి చూడిది, పాలు ఇవ్వదు. ఇంకొకటి బొల్లి. ఎర్రటి ఒంటి మీద తెల్ల మచ్చలు, గేదెకుండేంత పొదుగు, మనిషికుండేంత పొగరు. అవ్వ తెల్లవారుజామున లేచి, కొట్టంలో కసువు ఊడ్చి, పొదుగు కడిగి, బొల్లి పక్కన గొంతుకూర్చుంటుంది. ఒక్కొక్క చన్ను నుంచీ మొదటి ధారలు నేలకు పిండుతుంది. అవి భూమితల్లివి. పుట్టింట్లో గొర్రెల దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ఆ తర్వాతి ధార నుంచే బిందెలో పడేది. పిండడం అయ్యాక క్యాను చంకన పెట్టుకుని బడి వెనక ఉన్న పాల సెంటరుకు పోతుంది.

సెంటరులో పాలు పట్టేది శేఖర్. అవ్వకు ఆడబిడ్డ మనవడు. డిగ్రీ చదివాడు, మర్యాదస్తుడు, అవ్వను చూస్తే కొంచెం భయం. ఎండలు ముదిరితే ఆ సెంటరుకు ఒక మందు సీసా వస్తుంది. గాజు గొట్టంలో కొంచెం పాలు పోసి ఆ మందు చుక్కలు వేస్తే, మంచి పాలు మట్టి రంగుకు తిరుగుతాయి. సోడా కలిపిన పాలైతే గులాబీ పువ్వులాగా ఎర్రబడతాయి. ఆ పొద్దున అందరి పాలూ మట్టి రంగుకు తిరిగాయి. అవ్వ పాలు ఎర్రబడ్డాయి.

శేఖర్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకొక గొట్టం కడిగి మళ్లీ వేశాడు. మళ్లీ ఎరుపే.

"యాలరా అట్ల నిలబడినావు? పోసుకో," అంది అవ్వ.

"పోసుకోలేనవ్వా. పాలల్లో సోడా ఉండాది."

"ఏముండాది?"

"సోడా."

వెనకాల వరస మొత్తం ఒక్కసారి ముందుకు జరిగింది. శేఖర్ గొంతు తగ్గించి చెప్పాడు. "ఎండకు పాలు పులుస్తాయి గదవ్వా. పులిసిన పాలను ఎవురూ పట్టుకోరు. అందుకని కొందురు చిటికెడు సోడా ఏస్తారు. సోడా పోయి పులుపును అణిచేస్తాది. పులిసినవి గూడా మంచి పాలట్ల కనపడతాయి. అది పట్టుకునేదానికే ఈ మందు."

"అంటే నేను పులిసిన పాలు తెచ్చి, సోడా ఏసి, నీకు పోస్తాండా?"

"నేనట్ల అనల్యా అవ్వా. పాలంటాండాయి."

ఆ మాట అవ్వకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె నోరు తెరిచేలోపు వెనక నుంచి ఆదినారాయణ అందుకున్నాడు. అతనికి సెంటరు ఎదురుగా అంగడి, ఇంటి వెనక ఒక ఆవు.

"లింగప్ప మామ మొన్న గూడా మా అంగట్లో వంటసోడా పొట్లం తీసకపోయినాడే! ఈ ముసిలోళ్లకు ఇంత సోడా యాలబ్బా, బజ్జీలంగడి పెడతాండారా ఏమి అనుకుంటి నేను."

"నీ అంగట్లో కందిపప్పు కంటే రాళ్లు ఎక్కువ. నువ్వా నా పాలకు పేరు పెట్టేది? తూకం రాయిని అడుగు పోయి, నీ సంగతి చెప్తాది."

"నా రాయి సంగతి ఏమో గానీ అక్కా, నా పాలు ఎర్రబడలా."

అందరూ నవ్వారు. అవ్వ క్యాను ఎత్తుకుంది. వెనకనే శేఖర్ ఇబ్బందిగా అన్నాడు. "అవ్వా, మళ్లీ మళ్లీ ఇట్లే వస్తే డెయిరీవాళ్లు సెంటరులో నీ పేరు తీసేయమంటారు. నా చేతుల్లో ఉండదు."

అవ్వ ఇల్లు చేరక ముందే ఆ ఎర్ర గొట్టం బొమ్మ ఊరి వాట్సాప్ గ్రూపులోకి చేరింది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికో పోయింది. గడప దాటుతుండగానే ఫోను మోగింది. కుప్పం నుంచి చెల్లెలు వసంతమ్మ.

"ఏందక్కా, పాలల్లో సోడా కలిపితివంటనే?"

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఫోన్లో బొమ్మొచ్చింది. ఎర్రంగా ఉండాది."

"నీ మొగమూ ఎర్రంగానే ఉంటాది. నిన్ను కనేటప్పుడు మా అమ్మ సోడా కలిపిందా?" అని ఫోను పెట్టేసింది. తర్వాత ఆ ఫోనును తవుడు మూటలోకి తోసేసింది, ఇంకెవరు చేసినా వినపడకుండా.

తాత వసారాలో మంచం మీద కూర్చుని, సోడా నీళ్లు తాగి, అప్పుడే ఒక తేన్పు తీశాడు. పొద్దున్నే పచ్చిమిరపకాయ కారంతో సంగటి తినడం, తిన్నాక కడుపు మంటని సోడా తాగడం ఆయనకు పాతికేళ్ల అలవాటు. ఆ రోజు ఆ తేన్పు తప్పుడు సమయంలో వచ్చింది.

"ఆ పొట్లం యాడుండాది?"

"ఏ పొట్లం?"

"నీ కడుపులో పోసుకునే పొట్లం."

"గూట్లో."

"పాల క్యాను యాడ బోర్లిస్తా నేను?"

తాత గూటి వైపు చూశాడు. దాని కింద చూశాడు. "గూటి కింద," అన్నాడు నెమ్మదిగా. వెంటనే తెలివి వచ్చింది. "బోర్లించిన క్యాన్లోకి సోడా ఎట్ల పోతాదే? అదేమన్నా పిట్టా, కింది నుంచి ఎగిరి దూరేదానికి?"

"నీ చెయ్యి కడగకుండా క్యాను ముట్టుకున్నావు."

"నేను క్యాను ముట్టుకోని ఎన్నేండ్లయింది? ముడితే తంతావు గదా."

నిజమే. అది మరింత మంట పుట్టించింది. తాత ఆమెను చల్లార్చాలని, తనకు తెలిసిన శాస్త్రం ఎత్తుకున్నాడు. "ఇట్ల సూడు కుప్పా. కడుపులో పులుపుండాది. పై నుంచి సోడా పోతాది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది దీన్ని తింటాది, ఇది దాన్ని తింటాది. ఆఖరుకు పులుపూ ఉండదు, సోడా ఉండదు. ఉప్పు నీళ్లు మిగల్తాయి, గాలి పైకొస్తాది." రుజువు కోసం ఇంకొక తేన్పు తీశాడు. "పాలల్లో గూడా అంతే. పులిసిన పాలకు గదా సోడా కావాల్సింది. నీ పాలు పులవనే లేదు. ఇంక సోడాకు ఆడ ఏం పని?"

"అదే నేనూ అడగతాండా! యాడనుంచొచ్చింది?"

పొట్లం పోయి పేడ దిబ్బలో పడింది. తాత అది పడిన చోటును గుర్తు పెట్టుకున్నాడు గానీ, లేవలేదు. అవ్వ క్యానును వేడి నీళ్లతో కడిగింది. కొబ్బరి పీచుతో తోమింది. మళ్లీ కడిగింది. మూత లోపలి రబ్బరు ఊడదీసి దాన్నీ కడిగింది. ఎండకు పెట్టి పక్కనే కాపలా కూర్చుంది. కాకి వాలితే కాకినీ తిట్టింది.

మరుసటి పొద్దున పాలు మళ్లీ ఎర్రబడ్డాయి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వరసలో ఆడవాళ్లు జాలిగా చూశారు. వయసు మీద పడింది, ఏం కష్టం వచ్చిందో అన్నట్టు. శేఖర్ తల ఎత్తకుండా, "రేపొక్క రోజు సూస్తానవ్వా," అన్నాడు. అవ్వ క్యాను ఎత్తుకుంది. దారిలో బడి పిల్లలు "సోడావ్వా" అని కేక వేసి పరుగెత్తారు. చేతికి దొరికిన రాయి విసిరింది. అది తగలలేదు, అదొక కోపం.

ఆ మధ్యాహ్నం పక్కింటి రాములమ్మ గోడ మీదుగా తల పెట్టింది. అవ్వకు ఊర్లో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. మిగిలిన వాళ్లంతా తిట్లు తిన్నవాళ్లు.

"మే కుప్పమ్మా, ఇట్ల రా. ఒక మాట చెప్తా, అరవమాక."

"చెప్పు."

"రేప్పొద్దున క్యాన్లో రవ్వంత నిమ్మరసం పిండు. ఊరికే రెండు మూడు చుక్కలు. సోడాకు పులుపు విరుగుడు. మాడిన గిన్నెకు సోడా ఏసి నిమ్మకాయ రుద్దితే బుసబుసమని పొంగి ఆగిపోతాది, సూసినావు గదా. అట్లనే ఇదీ. నిమ్మకాయ పడితే ఎరుపు రాదు. ఎవురికీ తెలీదు."

రాములమ్మ ప్రేమగానే చెప్పింది. కొంగు ముడి విప్పి నిమ్మకాయ కూడా తీసింది. అవ్వ ఆ కాయను చూసింది, రాములమ్మ మొహాన్ని చూసింది.

"అంటే నువ్వూ నమ్మినావు."

"నమ్మేదేముండాదే? ఏ పొద్దో ఏమో అయ్యింటాది. నేనేమన్నా అడిగితినా?"

"అడగలా! అందుకే చెప్తాండా, నమ్మినావని. అడిగినోళ్లు నయం." అవ్వ గొంతు వీధి చివరికి వినిపించింది. "ఎయ్యని సోడాకు ఇరుగుడెయ్యాల్నా నేను? చెయ్యని దొంగతనానికి పోయి సొమ్ము తిరిగిచ్చినట్ల? తీసకపో నీ నిమ్మకాయ. మీ ఇంట్లో మాడిన గిన్నెలుంటే రుద్దుకో, రోజూ ఉంటాయి గదా."

రాములమ్మ నిమ్మకాయను మళ్లీ కొంగున ముడేసుకుంది. అవ్వ ఆ సాయంత్రం అన్నం తినలేదు. ఆదినారాయణ అన్న మాటకు కోపం వచ్చింది, పోయింది. శేఖర్ అన్నదానికీ అంతే. రాములమ్మ అడగకపోవడం మాత్రం పోలేదు.

మరుసటి పొద్దున అవ్వ పాలు పిండలేదు. బొల్లి మెడకు పలుపు కట్టి బయటికి తోలుకొచ్చింది.

"యాడికే?" అన్నాడు తాత.

"సెంటరుకు. ఆ ఖాళీ బిందె ఎత్తుకోని రా. లోపల ఏముండాదో సూసి రా. మళ్లీ పిట్ట ఎగిరి దూరిందంటావు."

ముందు అవ్వ, వెనక ఆవు, ఆ వెనక బిందె పట్టుకుని తాత. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. పళ్లు తోముకునేవాళ్లు నోట్లో పుల్లతోనే వెనక నడిచారు. సెంటరు దగ్గరికి వచ్చేసరికి వరస కాస్తా గుంపు అయింది. అవ్వ బొల్లిని కరెంటు స్తంభానికి కట్టింది.

"శేఖరూ, ఇట్ల రా. ఈ బిందె నువ్వే కడుగు. మీ సెంటరు నీళ్లతో, నీ చేత్తో."

శేఖర్ కడిగాడు.

"ఇప్పుడు రా అప్పా ఆదినారాయణా. నా చేతుల మీద నువ్వు నీళ్లు పొయ్యి. గోళ్ల సందులో గూడా సూసుకో, సోడా యాడన్నా ఉండాదేమో."

ఆదినారాయణ దిక్కులు చూశాడు. గుంపు అతన్ని ముందుకు తోసింది. చెంబుతో నీళ్లు పోశాడు. అవ్వ మోచేతుల దాకా కడుక్కుని, బొల్లి పక్కన కూర్చుంది. అలవాటు చొప్పున మొదటి ధారలు నేలకు పిండింది. వెనక చన్ను పట్టుకోగానే బొల్లి కాలు విదిలించింది. "ఇంత మంది మొగాలు సూసి భయపడతాంది, ఉండవే," అని తొడ మీద ఒకటి వేసింది. బిందె నురగతో నిండింది. ఆమె లేచి, బిందెను రెండు చేతులా ఎత్తి శేఖర్ ముందు పెట్టింది.

"ఇప్పుడు ఏస్తావో, ఏం చేస్తావో, నీ ఇష్టం."

శేఖర్ గొట్టంలో పాలు పోశాడు. మందు చుక్కలు వేశాడు. ఊపాడు.

పాలు ఎర్రబడ్డాయి.

వెనకవాళ్లు మునివేళ్ల మీద లేచి గొట్టాన్ని చూశారు. చివరికి ఎవరో అన్నారు. "పొదుగులోనే సోడా ఉండాదా ఏమబ్బా?"

"మందే చెడిపోయిందేమో," అన్నాడు తాత.

శేఖర్ ఇంకొక గొట్టంలో ఆదినారాయణ పాలు పోసి చూశాడు. మట్టి రంగు. వరసలో ఉన్న రాములమ్మ పాలు పోశాడు. మట్టి రంగు. మందు బాగానే ఉంది. ఆదినారాయణ పాలు ఎర్రబడి ఉంటే అవ్వ ప్రాణం కొంత కుదుటపడేది. అతను అంత మంచి పని చేసే మనిషి కాదు.

అవ్వ తిట్టలేదు. గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది, ఎందుకంటే అవ్వ తిట్టకపోవడం అంతవరకు ఎవరూ చూసి ఉండలేదు. ఆమె చూపు ఎర్ర గొట్టం మీది నుంచి ఆవు కాలి మీదికి పోయింది. బొల్లి ఆ వెనక కాలును నేలకు పూర్తిగా ఆనించకుండా నిలబడి ఉంది. అవ్వ వంగి పొదుగు మీద అరచెయ్యి పెట్టింది. వెనక వైపు ముందు వైపుకంటే వెచ్చగా ఉంది. మళ్లీ పెట్టి చూసింది.

"శేఖరూ," అంది. "డాక్టరమ్మకు ఫోను చెయ్యి."

పశువుల డాక్టరు ఝాన్సీ పక్క ఊరిలో టీకాలు వేస్తోంది. కాసేపటికి స్కూటరు మీద వచ్చింది. పొదుగు నొక్కి చూసి, ఏదైనా నల్లటి వస్తువు ఇవ్వమంది. శేఖర్ తన హెల్మెట్టు ఇచ్చాడు. ఆమె వెనక చన్ను నుంచి మొదటి ధారను ఆ నల్ల హెల్మెట్టు మీద పిండింది. తెల్లటి పాల మధ్యలో సన్న సన్న గడ్డలు కనిపించాయి, విరిగిన పాలల్లో తేలేవి ఉంటాయే, అలాంటివి.

"పొదుగు వాపు జబ్బు. కొన్నాళ్లుగా ఉంది. మొదటి ధారల్లో ఇవి కనబడలేదా అమ్మా?"

"మొదటి ధార భూమితల్లిది. దాన్ని యాడ సూస్తాం? చీకట్లో నేలకు పిండేస్తాం."

"జబ్బు మొదట తెలిసేది ఆ ధారల్లోనే. రోజూ జబ్బును భూమికి పిండేసి, మిగిలింది ఇక్కడికి తెచ్చారు."

"మరి సోడా?" అన్నాడు శేఖర్.

డాక్టరమ్మ నాలుగు చన్నుల పాలూ నాలుగు గొట్టాల్లో వేరు వేరుగా పట్టించింది. మందు వేయించింది. ముందు చన్నుల పాలు రెండూ మట్టి రంగుకు తిరిగాయి. వెనక రెండూ ఎర్రగా, మొదటి రోజు కంటే ఎర్రగా తేలాయి.

"మంచి పాలల్లో కూడా నాలుకకు తెలియనంత పులుపు ఉంటుంది," అంది ఆమె గుంపుకంతా వినపడేలా. "పొదుగు లోపల వాచినప్పుడు నెత్తుటిలోని ఉప్పు నీళ్లు పాలల్లోకి ఊరుతాయి. వాటిది సోడా గుణం. పాలల్లో ఉన్న ఆ కాస్త పులుపును అవి తినేస్తాయి. తినగా ఇంకా మిగులుతాయి. ఈ మందుకు సోడా ఎవరు వేశారో తెలియదు. పులుపు ఓడిపోయింది అని మాత్రమే చెప్తుంది. చేత్తో వేసినా, జబ్బు వేసినా దానికి ఒకటే ఎరుపు."

తాత తల ఊపాడు. "నేను చెప్పలా? అది దీన్ని తింటాది," అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"నయం, ఇప్పుడన్నా పిలిచారు. ఇంకొన్నాళ్లు ఇట్లే నడిపి ఉంటే ఆ రెండు చన్నులూ పోయేవి," అని డాక్టరమ్మ సూది మందు తీసింది.

అప్పటిదాకా ఆగి ఉన్న కోపం అప్పుడు తిరిగి వచ్చింది. మొదట శేఖర్ మీదికి.

"పాలంటాండాయి అన్నావే! ఏమన్నాయిరా పాలు? ఆవుకు నొప్పి అని అన్నాయి. నీకు మాత్రం కుప్పమ్మ దొంగ అని వినపడింది. ఇంత మందికీ అట్లనే వినపడింది. ఒక్కురన్నా, ఒక్కురంటే ఒక్కురు, ఆవుకేమయిందో సూద్దాం పా అన్నారా?"

అవ్వ రాములమ్మ వైపు తిరిగింది.

"నీ నిమ్మకాయ పిండి ఉంటే ఎరుపు పొయ్యుండు, నా పేరు నిలబడుండు. దీని చన్నులు పొయ్యుండు. తెలిసిందా?"

రాములమ్మ ఏడ్చింది. అవ్వ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత బొల్లి పక్కకు పోయి, దాని డొక్కకు నుదురు ఆనించి, అంతే కోపంగా అంది. "నువ్వన్నా చెప్పకూడదా? తన్నకూడదా గట్టిగా? నలభై ఏండ్లు పొదుగు పట్టుకోని బతికినదాన్ని, మొదటి ధార మొగం సూడకపోతిని. నన్ను తన్నాల్సింది పోయి కాలు విదిలిస్తావా, మర్యాదగా?"

శేఖర్ మెల్లగా, "తప్పయింది అవ్వా," అన్నాడు.

"నా చెవిలో కాదు. యాడ నిలబడి సోడా అన్నావో ఆడ నిలబడి చెప్పు. అంతే గట్టిగా."

శేఖర్ తూకం మిషను పక్కకు పోయి నిలబడ్డాడు. "కుప్పమ్మవ్వ పాలల్లో సోడా వెయ్యలేదు. నాది తప్పు. ఆవును అడగకుండా ఆమెను అనుమానించినా," అని అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఇప్పుడు ఆ నాలుగు గొట్టాల బొమ్మ తియ్యి. ఫోన్లో పెట్టు. కుప్పానికి పోయేదాకా పెట్టు."

పెట్టాడు. అవ్వ ఇంటికి పోయి తవుడు మూటలోంచి ఫోను తవ్వి తీసి, వసంతమ్మకు తానే చేసింది. సోడా విషయం తేలిపోయిందని చెప్పి ఊరుకుంటుందని తాత అనుకున్నాడు. అవ్వ సోడాతో మొదలుపెట్టి, చెల్లెలి పెళ్లిలో తనకు పెట్టిన చీర రంగు దాకా పోయింది.

సూది మందు పడుతున్నన్నాళ్లూ అవ్వ బొల్లి పాలు ఎవరికీ పొయ్యలేదు. గుంత తవ్వి పారబోసింది. పారబోసినప్పుడల్లా ఆ గుంతనూ తిట్టేది. ఇప్పుడు ఆమె చీకట్లో పిండదు. వెలుతురు పడ్డాక పాత ఇనుప పెనం బోర్లా పెట్టి, మొదటి ధారలు దాని మీద పిండి, కళ్లు చికిలించి చూస్తుంది. గడ్డలు లేవని తేలాక మంచి ధార ఒకటి నేలకు పిండుతుంది. "ఇన్నాళ్లూ నీకు చెడ్డవి పోసినా తల్లీ. నువ్వన్నా ఒక మాట చెప్పకూడదా," అని భూమినీ ఒక మాట అంటుంది.

పాలు మళ్లీ మట్టి రంగుకు తిరిగిన రోజు సెంటరులో అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆదినారాయణ, "ముందుకు రా అక్కా," అన్నాడు. అవ్వ పోలేదు. తన వరసలోనే, అతని వెనకే నిలబడింది, అతని వీపు కాలిపోయేలా చూస్తూ. పోసేటప్పుడు శేఖర్ మందు సీసా పక్కన పెట్టబోయాడు. "ఎయ్యరా, నాకేమన్నా మినహాయింపా?" అంది. ప్రతి రోజూ వేయించుకుంటుంది. మందు అయిపోతే పుంగనూరు నుంచి తెప్పించుకోమంటుంది. రాములమ్మ గోడ మీదుగా రోజూ పలకరిస్తుంది. అవ్వ రోజూ జవాబు చెబుతుంది, ఒక్క మాటలో, మొహం తిప్పకుండా.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం కొట్టం దగ్గర నేనే ఆమెకు చదివి వినిపించాను. గడ్డి వేస్తూ విన్నది. టమాటాల దగ్గర నవ్వలేదు. హెల్మెట్టు దగ్గర ఒక్కసారి చెయ్యి ఆపింది. ఆఖరున, పులుపూ సోడా కలిసి చల్లబడినట్టు అవ్వ కోపం కూడా చల్లబడిందని రాసేదా అని అడిగితే, గడ్డి మోపు కింద పడేసి చెప్పింది:

"చల్లబడలా. చల్లబడిందని రాసినావంటే, ఇంటర్లో నువ్వు కెమిస్ట్రీ తప్పినట్ల దీన్ని గూడా తప్పుతావు. రాసింది చాలు, పొయ్యి పేడ తియ్యి."